గల్ఫ్ దేశాలలో ఉద్యోగ అనుమతి

గల్ఫ్ దేశాలలో ఉద్యోగ అనుమతి అనగా సౌదీ అరేబియా, యు.ఎ.ఇ., కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాలలో పనిచేయదలచిన భారతీయులు పొందవలసిన అధికారిక అనుమతుల సముదాయము. ఇది ఒకే పత్రము కాదు. భారతదేశము విడిచి ఉద్యోగానికి వెళ్ళుటకు భారత ప్రభుత్వము ఇచ్చే వలస అనుమతి ఒకటి, గల్ఫ్ దేశములో ప్రవేశించి పనిచేయుటకు ఆ దేశ ప్రభుత్వము ఇచ్చే వీసా, పని అనుమతి, నివాస అనుమతి మరొకటి. మొదటిది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రిందికి వస్తుంది. రెండవది చాలాకాలము కఫాలా అనబడే పూచీదారు విధానముపై ఆధారపడి నడిచినది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా కార్మికుడికి జీతము, బీమా, చట్టరక్షణ, చివరకు స్వదేశానికి తిరిగివచ్చే అవకాశము కూడా కష్టతరమవుతాయి.

గల్ఫ్ సహకార మండలికి చెందిన ఈ ఆరు దేశాలలో 80 లక్షలకు పైగా భారతీయులు నివసిస్తున్నారు. వీరిలో తెలుగువారి సంఖ్య గణనీయమైనది. తెలంగాణలో కరీంనగర్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల నుండి, ఆంధ్రప్రదేశ్‌లో కడప జిల్లా, గోదావరి జిల్లాల నుండి వలసలు ఎక్కువ. తెలంగాణ పల్లెలలో ఏ గల్ఫ్ దేశానికి వెళ్ళినా "దుబాయి పోయిండు" అనడము వాడుక. కడప, గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికై కువైట్ వెళ్ళే మహిళలు చాలామంది ఉన్నారు.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1922లో చేసిన ఎమిగ్రేషన్ చట్టము ప్రధానముగా తోటలకు, గనులకు వెళ్ళే కూలీలను దృష్టిలో ఉంచుకొని చేయబడినది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫ్ దేశాలలో రహదారులు, ఓడరేవులు, భవనాల నిర్మాణము ముమ్మరమై, భారతదేశము నుండి పెద్దయెత్తున కార్మికులు వెళ్ళసాగారు. దళారుల మోసాలు కూడా దానితోపాటే పెరిగాయి. పాత చట్టము ఈ పరిస్థితికి చాలకపోవడముతో పార్లమెంటు 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టము చేసినది. ఇది 1983 డిసెంబరు 30 నుండి అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము అమలును ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ పర్యవేక్షిస్తారు. ఆయన క్రింద వివిధ నగరాలలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, అనగా వలసదారుల సంరక్షకాధికారి కార్యాలయాలు ఉన్నాయి. హైదరాబాదులో కూడా అటువంటి కార్యాలయము కలదు. 2004లో ఏర్పడిన ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వశాఖ ఈ విభాగాన్ని కొంతకాలము నిర్వహించినది. 2016లో ఆ శాఖ విదేశాంగ మంత్రిత్వశాఖలో విలీనమైనది.

భారతదేశము వైపు అనుమతి

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు

ఉద్యోగానికై వెళ్ళే ప్రతి భారతీయుడికీ వలస అనుమతి అవసరము లేదు. అది అవసరమైనవారి పాస్‌పోర్టులో "ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్" అని ముద్రిస్తారు. దీనినే వాడుకలో ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు అంటారు. ఆ ముద్ర లేని పాస్‌పోర్టు ఇ.సి.ఎన్.ఆర్. వర్గానికి చెందుతుంది. ఇ.సి.ఎన్.ఆర్. వర్గములోనికి వచ్చేవారిలో ముఖ్యులు:

* పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు
* ఆదాయపు పన్ను చెల్లించేవారు
* 50 సంవత్సరాలు నిండినవారు
* 18 సంవత్సరాలలోపు పిల్లలు
* గతములో మూడు సంవత్సరాలకు మించి విదేశాలలో నివసించినవారు
* గుర్తింపు పొందిన నర్సింగు అర్హత కలవారు

కనుక పదవ తరగతి ధ్రువపత్రము వలసదారు జీవితములో ఒక ముఖ్యమైన విభజనరేఖ. అది ఉన్నవారు వలస అనుమతి లేకుండానే విమానము ఎక్కవచ్చు. లేనివారిని ప్రభుత్వము మోసానికి ఎక్కువగా గురయ్యే అవకాశము కలవారిగా భావించి, వారి ఒప్పందాన్ని ముందుగా పరిశీలిస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తుతో పదవ తరగతి ధ్రువపత్రము జతచేయనివారికి, వారు ఉత్తీర్ణులైనప్పటికీ, ఇ.సి.ఆర్. ముద్ర పడే అవకాశము ఉంది. తరువాత ధ్రువపత్రము చూపి పాస్‌పోర్టును మార్పించుకొనవచ్చు.

ఇ.సి.ఆర్. దేశాలు

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు కలవారికి అన్ని దేశాలకూ ఈ అనుమతి అక్కరలేదు. ఉద్యోగానికై 18 దేశాలకు వెళ్ళునపుడు మాత్రమే ఇది తప్పనిసరి. ఆరు గల్ఫ్ దేశాలతోపాటు ఆఫ్ఘనిస్తాన్, ఇండోనేషియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్, లిబియా, మలేషియా, సూడాన్, దక్షిణ సూడాన్, సిరియా, థాయిలాండ్, యెమెన్ ఈ జాబితాలో ఉన్నాయి.

ఇ-మైగ్రేట్ విధానము

ఇదివరలో వలస అనుమతిని పాస్‌పోర్టుపై ముద్రగా వేసేవారు. ఇపుడు దరఖాస్తు, పరిశీలన, మంజూరు అన్నీ ఇ-మైగ్రేట్ అను ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థ ద్వారా జరుగుతాయి. సాధారణ క్రమము ఈ విధముగా ఉంటుంది:

1. విదేశీ యజమాని ఇ-మైగ్రేట్‌లో నమోదు చేసుకొని, తనకు కావలసిన కార్మికుల సంఖ్య, వృత్తి, జీతము, వసతి వివరాలు తెలుపుతాడు.
2. భారతదేశములో లైసెన్సు కల నియామక ఏజెంటు ద్వారా గాని, స్వయముగా గాని కార్మికులను ఎంపిక చేసుకుంటాడు.
3. కార్మికుడు వైద్య పరీక్ష చేయించుకొని, వీసా పొందుతాడు.
4. ఉద్యోగ ఒప్పందము, వీసా, బీమా పత్రముల ఆధారముగా ప్రొటెక్టర్ కార్యాలయము అనుమతి మంజూరు చేస్తుంది.
5. విమానాశ్రయములో ఇమిగ్రేషన్ అధికారులు కంప్యూటరులో ఈ అనుమతిని సరిచూసుకుంటారు.

ఒప్పందములోని జీతము భారత ప్రభుత్వము ఆయా దేశాలకు, వృత్తులకు నిర్ణయించిన కనీస సిఫారసు వేతనము కంటె తక్కువ ఉండరాదు. కోవిడ్ కాలములో, 2020 సెప్టెంబరులో, గల్ఫ్ దేశాలకు ఈ వేతనాలను 30 నుండి 50 శాతము వరకు తగ్గించారు. దీనిపై కార్మిక సంఘాలు అభ్యంతరము తెలుపగా, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము దాఖలైనది. 2021 జూలైలో ప్రభుత్వము ఆ తగ్గింపును ఉపసంహరించినది.

నియామక ఏజెంట్లు

లైసెన్సు లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చడము 1983 చట్టము ప్రకారము నేరము. దీనికి రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. లైసెన్సు కల ఏజెంటు తన సేవకు కార్మికుడి నుండి గరిష్ఠముగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే తీసుకొనవలెను, రసీదు ఇవ్వవలెను. వాస్తవములో గ్రామస్థాయి ఉప ఏజెంట్లు ఇంతకు ఎన్నో రెట్లు వసూలు చేయడము పరిపాటి. ఉప ఏజెంటుకు లైసెన్సు ఉండదు. అతడు రసీదు ఇవ్వడు. సాధారణముగా బంధువో ఊరివాడో అయి ఉంటాడు కనుక అతనిపై ఫిర్యాదు చేయుటకు కుటుంబాలు వెనుకాడుతాయి. ఏజెంటు లైసెన్సు నిజమైనదో కాదో ఇ-మైగ్రేట్ జాబితాలో ఎవరైనా సరిచూసుకొనవచ్చు.

ప్రభుత్వ రంగములో కూడా నియామక సంస్థలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటివి.

మహిళలకు ప్రత్యేక నిబంధనలు

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు కల మహిళలు ఇంటిపని వంటి ఉద్యోగాలకు ఇ.సి.ఆర్. దేశాలకు వెళ్ళవలెనన్న 30 సంవత్సరాలు నిండి ఉండవలెను. వీరి నియామకము ప్రభుత్వ సంస్థల ద్వారా జరుగవలెనన్న నియమము కూడా పెట్టారు. రక్షణకై ఏర్పడిన ఈ నిబంధనలకు మరొక పార్శ్వము ఉన్నది. అర్హత లేని మహిళలను దళారులు సందర్శక వీసాలపై ఒక గల్ఫ్ దేశానికి పంపి, అక్కడ నుండి మరొక దేశానికి తరలించడము జరుగుతున్నది. అటువంటివారి వివరాలు భారత ప్రభుత్వ లెక్కలలోనికి రావు.

బీమా

ఇ.సి.ఆర్. వర్గము వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదవశాత్తు మరణానికి గాని శాశ్వత వైకల్యానికి గాని ఇది 10 లక్షల రూపాయలు చెల్లిస్తుంది. ప్రీమియము రెండు సంవత్సరాలకు 275 రూపాయలు, మూడు సంవత్సరాలకు 375 రూపాయలు, పన్ను అదనము. వలస అనుమతి లేకుండా సందర్శక వీసాపై వెళ్ళినవారికి సాధారణముగా ఈ బీమా ఉండదు.

గల్ఫ్ దేశము వైపు అనుమతి

గల్ఫ్ దేశాలలో పని అనుమతికి దరఖాస్తు చేసేది కార్మికుడు కాదు, యజమాని. యజమాని ముందుగా తన దేశ కార్మికశాఖ నుండి విదేశీయులను చేర్చుకొనుటకు అనుమతి తీసుకుంటాడు. ఆ అనుమతిలో వృత్తి, దేశము, సంఖ్య నిర్ణీతమై ఉంటాయి. దాని ఆధారముగా ప్రవేశ వీసా జారీ అవుతుంది. కార్మికుడు స్వదేశములో గుర్తింపు పొందిన కేంద్రములో వైద్య పరీక్ష చేయించుకొనవలెను. క్షయ, హెచ్.ఐ.వి. వంటి వ్యాధులు ఉన్నట్లు తేలితే వీసా రాదు. ఆ దేశము చేరిన పిమ్మట మరల వైద్య పరీక్ష, వేలిముద్రలు తీసుకొని నివాస గుర్తింపు కార్డు ఇస్తారు. సౌదీ అరేబియాలో దీనిని ఇఖామా అంటారు. తెలుగువారి నోట ఇది అఖామాగా మారినది. సౌదీలో కార్మికుడు దేశము చేరిన 90 రోజులలోగా ఇఖామా తీసుకొనవలెను. ఆ ఖర్చులను యజమానియే భరించవలెనని సౌదీ కార్మిక చట్టము చెబుతున్నది. యు.ఎ.ఇ.లో కూడా నియామక ఖర్చులను కార్మికుడి నుండి వసూలు చేయడము నిషిద్ధము.

కువైట్‌లో నివాస అనుమతులను చట్టములోని అధికరణాల సంఖ్యతో పిలుస్తారు. ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారికి 18వ అధికరణము, ఇండ్లలో పనిచేసేవారికి 20వ అధికరణము వర్తిస్తాయి. తెలుగువారు మొదటిదానిని షూన్ వీసా అని, రెండవదానిని ఖాదిం వీసా అని అంటారు. ఈ తేడా చిన్నది కాదు. ఖాదిం వీసా కలవారికి సాధారణ కార్మిక చట్టము వర్తించదు. వారికై కువైట్ 2015లో ప్రత్యేక చట్టము చేసి, వారాంతపు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, సంవత్సరానికి 30 రోజుల వేతన సెలవు వంటి హక్కులు కల్పించినది.

కఫాలా విధానము

కఫాలా అను అరబ్బీ పదానికి పూచీ అని అర్థము. పూచీ ఇచ్చే యజమానిని కఫీల్ అంటారు. సాంప్రదాయిక కఫాలా విధానములో కార్మికుడి నివాసహక్కు ఒక్క కఫీల్‌కు ముడిపడి ఉండేది. కఫీల్ అంగీకారము లేనిదే ఉద్యోగము మారరాదు, కొన్ని దేశాలలో దేశము విడిచి వెళ్ళరాదు. కార్మికుడు పనికి రావడము లేదని కఫీల్ ఫిర్యాదు చేసిన వెంటనే అతడు చట్టవిరుద్ధ నివాసి అయ్యేవాడు. సౌదీలో ఈ ఫిర్యాదును హురూబ్, అనగా పారిపోవుట అంటారు. జీతము అడిగిన కార్మికుడిపై కక్షతో ఇటువంటి ఫిర్యాదు చేసిన సందర్భాలు అనేకము.

ఈ విధానములో కాలక్రమముగా మార్పులు వచ్చాయి:

* బహ్రెయిన్: 2009లో విదేశీ కార్మికుల అనుమతులను ప్రభుత్వ నియంత్రణ సంస్థ పరిధిలోనికి తెచ్చినది.
* ఖతార్: 2018లో ఎక్కువమంది కార్మికులకు నిష్క్రమణ అనుమతిని తొలగించినది. 2020లో ఉద్యోగము మారుటకు పాత యజమాని అంగీకారము అవసరము లేదని చట్టము చేసినది. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనము అమలులోనికి వచ్చినది. యజమాని వసతి, భోజనము సమకూర్చని పక్షములో మరి 800 రియాళ్ళు ఇవ్వవలెను.
* ఒమన్: 2021 జనవరి నుండి, ఒప్పందము ముగిసినవారు ఉద్యోగము మారుటకు పాత యజమాని ఇచ్చే నిరభ్యంతర పత్రము అవసరము లేకుండా చేసినది.
* సౌదీ అరేబియా: 2021 మార్చి 14 నుండి ప్రైవేటు సంస్థల కార్మికులు కొన్ని షరతులకు లోబడి ఉద్యోగము మారుటకు, దేశము విడిచి వెళ్ళి రావడానికి వీలు కల్పించినది. ఇంటి పనివారికి, పశువుల కాపరులకు, ఇంటి డ్రైవర్లకు ఈ సంస్కరణ వర్తించలేదు.
* యు.ఎ.ఇ.: 2021లో చేసిన కొత్త కార్మిక చట్టము 2022 ఫిబ్రవరి 2 నుండి అమలులోనికి వచ్చినది.
* కువైట్: దీనికి భిన్నముగా, 2025 జూలై 1 నుండి 18వ అధికరణము క్రింది విదేశీ కార్మికులు దేశము విడుచుటకు యజమాని అనుమతి పొందవలెనన్న నియమము తెచ్చినది.

జీతములు సక్రమముగా బ్యాంకు ద్వారా చెల్లించునట్లు చూచుటకు యు.ఎ.ఇ. 2009లో, సౌదీ అరేబియా 2013లో, ఖతార్ 2015లో వేతన రక్షణ విధానము ప్రవేశపెట్టాయి. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని బలవంతముగా ఉంచుకొనడము ఈ ప్రాంతపు చట్టాలలో నిషిద్ధమైనప్పటికీ, ఆచరణలో ఇంకా కొనసాగుతున్నది.

అనుమతి లేని వలసలు

ఉద్యోగానికి కాక విహారానికో, బంధువులను చూచుటకో వెళ్ళే ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుదారుకు వలస అనుమతి అవసరము లేదు. సరియైన వీసా, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఉంటే చాలు. దళారులు ఈ వెసులుబాటును వాడుకొని కార్మికులను సందర్శక వీసాపై పంపుతారు. అక్కడ చేరిన తరువాత వీసాను పని వీసాగా మారుస్తామని చెబుతారు. మార్చకపోతే సందర్శక వీసా గడువు ముగిసిన నాటి నుండి కార్మికుడు చట్టవిరుద్ధ నివాసి అవుతాడు. యు.ఎ.ఇ.లో గడువు మించి ఉన్న ప్రతి రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. అనుమతి లేకుండా పనిచేసేవాడు జీతము రాకపోయినా ఫిర్యాదు చేయుటకు భయపడతాడు. పని ఇచ్చేవారికి ఈ సంగతి బాగా తెలుసు.

మరొక రకము ఆజాద్ వీసా. దీనినే ఫ్రీ వీసా అని కూడా అంటారు. ఏ గల్ఫ్ దేశ చట్టములోనూ ఇటువంటి వీసా లేదు. ఇందులో కఫీల్ కేవలము పేరుకు మాత్రమే ఉంటాడు. కార్మికుడు డబ్బు చెల్లించి అతని పేర వీసా పొంది, బయట ఇష్టమైన చోట పని వెతుక్కుంటాడు. కఫీల్ కాక మరొకరి వద్ద పనిచేయడము నేరము కనుక, తనిఖీలో పట్టుబడినచో జైలు, దేశబహిష్కరణ తప్పవు. అఖామా పునరుద్ధరణ సమయములో కఫీల్ ఎంత అడిగితే అంత ఇవ్వవలసి ఉంటుంది.

వీసాలో వ్రాసిన వృత్తి కూడా ముఖ్యమైనది. డ్రైవరు పని అని చెప్పి గొఱ్ఱెల కాపరి వీసా ఇచ్చిన సందర్భాలలో, కార్మికుడు అరబ్బీలో ఉన్న వీసాను చదువలేక ఎడారి చేరిన తరువాతనే ఆ సంగతి తెలుసుకుంటాడు.

క్షమాభిక్ష

అనుమతి లేక చిక్కుకొన్నవారు జరిమానా లేకుండా స్వదేశానికి వెళ్ళుటకు గాని, తమ నివాసాన్ని సక్రమము చేసుకొనుటకు గాని గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడు కొంత గడువు ఇస్తాయి. దీనిని క్షమాభిక్ష లేక ఆమ్నెస్టీ అంటారు. యు.ఎ.ఇ. 1996, 2003, 2007, 2018 సంవత్సరాలలోను, 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఈ అవకాశము ఇచ్చినది. కువైట్ 2018లోను, 2024లోను ప్రకటించినది. సౌదీ అరేబియా 2013లో నితాకత్ అనబడే స్థానికులకు ఉద్యోగ కేటాయింపు విధానము అమలు సందర్భముగా గడువు ఇచ్చినది. పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయము ఒకే ప్రయాణానికి పనికివచ్చే అత్యవసర ధ్రువపత్రము ఇస్తుంది. దీనిని వలసదారులు ఔట్‌పాస్ అంటారు. పోలీసు కేసు గాని, అప్పు కేసు గాని ఉన్నవారికి ఔట్‌పాస్ ఉన్నప్పటికీ ఆ కేసు తేలేవరకు దేశము విడిచే వీలు ఉండదు.

సహాయ వ్యవస్థలు

కార్మికుడు గాని, ఇంటివద్దనున్న కుటుంబము గాని విదేశాంగశాఖ వారి మదద్ వ్యవస్థలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇది 2015లో ప్రారంభమైనది. హైదరాబాదులో క్షేత్రీయ ప్రవాసీ సహాయతా కేంద్రము, దుబాయి, రియాద్, జిద్దా నగరాలలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలు పనిచేస్తున్నాయి. 2009లో ఏర్పడిన భారత సముదాయ సంక్షేమ నిధి నుండి, ఆపదలోనున్నవారి వసతికి, టిక్కెట్టుకు, మృతదేహము తరలింపునకు రాయబార కార్యాలయాలు ఖర్చు చేయవచ్చు. తెలంగాణ ప్రభుత్వము 2024లో, గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయము ప్రకటించినది.

ఒక ఫిర్యాదు ముందుకు సాగుటకు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, అఖామా నకళ్ళు, యజమాని పేరు, ఫోను నంబరు అవసరమవుతాయి. ఈ పత్రాల నకళ్ళు ఇంటివద్ద లేకపోవడమువలన చాలా సందర్భాలలో కార్మికుడు ఏ నగరములో, ఎవరి వద్ద ఉన్నాడో కనుగొనుటకే నెలలు పడుతున్నది. అందువలన ప్రయాణానికి ముందే నకళ్ళు కుటుంబము వద్ద ఉంచవలెనని అధికారులు, వలస కార్మిక సంఘాలు సూచిస్తాయి.

వాడుకలోని పదాలు

* అఖామా: నివాస అనుమతి కార్డు. ఇఖామా అను అరబ్బీ పదానికి రూపాంతరము.
* కఫీల్: పూచీదారు, యజమాని.
* ఖల్లివెల్లి: అనుమతి లేకుండా ఉంటున్న కార్మికుడు. అరబ్బీ వ్యవహారములో "పోనీలే, వదిలేయి" అను అర్థము గల మాట నుండి వచ్చినది.
* ఆజాద్ వీసా: పేరుకు మాత్రమే కఫీల్ ఉన్న వీసా.
* ఔట్‌పాస్: పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయము ఇచ్చే ప్రయాణ పత్రము.
* హురూబ్: కార్మికుడు పారిపోయాడని యజమాని చేసే ఫిర్యాదు.

ఇవి కూడా చూడండి

* పాస్‌పోర్టు
* వీసా
* గల్ఫ్ సహకార మండలి
* ప్రవాసాంధ్రులు